అగ్గినాగుకు కాళ్ళెన్ని?

ఆ ఏడు ఎండలకు నీలిబండ వాగు ఎక్కడికక్కడ తెగిపోయింది. ఎగువన ఇసుక, దిగువన ఇసుక. మధ్యలో కొండ పాదాన ఒక్క మడుగు మిగిలింది. పులి ఆ దాహానికి తాళలేక వేసవి మొదట్లోనే పెద్ద నది వైపు దిగిపోయింది. ఉన్న ప్రాణులన్నిటికీ ఆ మడుగే దిక్కయింది. కరువులో పాత పగలు పక్కన పెట్టాలి కాబట్టి నక్క మూతి పెట్టిన చోటే కుందేలూ మూతి పెట్టేది.

మడుగుకు ఎదురుగా కొండలో ఒక గుహ ఉంది. తరతరాలుగా అది గబ్బిలాలది. నడివేసవిలో కార్చిచ్చు లేచి గుహ చుట్టూ ఉన్న బోదగడ్డినంతా ఊడ్చేసింది. పొగ లోపలికి కమ్మింది. పొమ్మనలేక పొగబెట్టినట్టు గబ్బిలాలన్నీ గుహ వదిలి అవతలి లోయలో మద్దిచెట్లకు చేరాయి. నేల చల్లారిన కొన్నాళ్ళకు ఆ గుహలోంచి ఒక అరుపు వచ్చింది. ఏడుపు కాదు, నవ్వు కాదు, రెండూ కలిపి రాతి మీద ఈడ్చినట్టుంది. మడుగులో తాగుతున్న దుప్పులు నోట్లో నీళ్ళు మింగకుండానే నిలబడిపోయాయి.

మర్నాడు పొద్దున నక్క ఓబన్న అందరినీ మడుగు ఒడ్డుకు పిలిచాడు. ఓబన్న మాటకారి. ఆ అడవిలో ఏ తగవులోనైనా ముందు అతని గొంతే వినపడేది. ఆ రోజు మాత్రం గొంతు తగ్గించి, చెవులు వాల్చి మాట్లాడాడు.

"గుహలోకి అగ్గినాగు దిగింది. నా కళ్ళతో చూశాను. పాము తల, మొసలి ఒళ్ళు, ఏనుగంత బరువు. పులికున్నట్టు నాలుగు కాళ్ళు, వీపు మీద రెండు రెక్కలు. రెక్క విప్పితే ఈ మడుగంతా నీడ పడుతుంది. నోరు తెరిస్తే మంట. కొండ కింద గడ్డి ఎవరి ఊపిరికి కాలిందనుకున్నారు?"

అందరూ నల్లబడ్డ నేల వైపు చూశారు.

"నా మాట నమ్మకపోతే ఇటు చూడండి," అన్నాడు.

మడుగు ఒడ్డు బురదలో గుహ నుంచి నీళ్ళదాకా, నీళ్ళ నుంచి గుహదాకా పెద్ద పెద్ద అడుగులు. ముందువి రెండు, వెనకవి రెండు, గోళ్ళ గుర్తులతో సహా. ఒక్కో అడుగులో ఒక కుందేలు ముడుచుకుని కూర్చోవచ్చు.

అడవిదున్న సోమప్ప అందరికీ పెద్ద. నెమ్మదస్తుడు. ఒక మాట అనడానికి ముందు పది మాటలు మింగే రకం. ఆయన ఆ అడుగుల్ని వాసన చూసి తల ఎత్తాడు. కాలిన గడ్డి వాసన తప్ప ఆయనకు మరేమీ అందలేదు.

"ఏం కావాలంట దానికి?" అని అడిగాడు.

"మనందరి ప్రాణాలూ తీయగలదు పెద్దయ్యా. నేనే కాళ్ళావేళ్ళా పడ్డాను. అమావాస్యకొక పిల్ల, పున్నమికొక పిల్ల. గుహ ముందు బండ మీద వదిలి వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయాలి. అలా అయితే మన నీళ్ళ జోలికి రాదు. వంతులు నేను చూసుకుంటాను, ఆ పాపం మీకెందుకు."

మొదటి వంతు దుప్పి వెలగకు పడింది.

వెలగతోపాటు బండదాకా నడిచింది ఆమె చెల్లెలు పొగడ. తన పిల్ల చివురును మందలో వదిలి, అక్కకు తోడుగా వెళ్ళింది. వెలగ బిడ్డ మగపిల్ల, నెత్తిన కొమ్ముల చోట ఇంకా మెత్తటి బొడిపెలే. తల్లితో నీళ్ళకు వెళుతున్నాననుకుని ముందు ముందు గెంతాడు. బండ మీద నిలబెట్టి "ఇక్కడే ఉండు నాన్నా" అంటే నిలబడ్డాడు. చెప్పిన మాట వినే పిల్లాడు. ఇద్దరూ వెనక్కి తిరిగారు. వెనక్కి చూడొద్దన్నారని చూడలేదు. ఒక్కసారి పిలిచాడు. తర్వాత పిలవలేదు.

ఆనాటి నుంచి వెలగ మేత ముట్టడం తగ్గించింది. ఎవరేం అడిగినా "అందరి నీళ్ళ కోసం కదా" అనేది.

రెండో వంతు చివురుది అని ఓబన్న కబురు చెప్పినప్పుడు పొగడ ఏడవలేదు. పిల్ల పాలు తాగుతుంటే దాని వీపు మీది చుక్కల్ని నాకుతూ ఆలోచించింది. ఎదిరించడం తన వల్ల కాదు. పారిపోదామంటే ఎటు పోయినా ఇసుకే. ఇక మిగిలింది ఆ అగ్గినాగునే బతిమాలుకోవడం. బతిమాలాలంటే అవతలివాడి మనసు ఎరిగి ఉండాలి. రెక్కలున్నదాని మనసు రెక్కలున్నవాళ్ళకు తెలుస్తుంది కదా అనుకుని, పొద్దెక్కక ముందే కొండ ఎక్కి రాబందు తాయవ్వ గూటి దగ్గరికి వెళ్ళింది.

తాయవ్వ మెడ వంచి ఆమెను కింది నుంచి పైదాకా చూసింది.

"నేనింకా చావలేదవ్వా," అంది పొగడ.

"తెలుసు. చావనివాళ్ళు నా దగ్గరికి ఊరికే రారు. ఏం పని?"

పొగడ విషయం చెప్పింది. తాయవ్వ మధ్యలో ఆపలేదు. అంతా విన్నాక, "ఏనుగంత ఉంటుందన్నాడా?" అంది.

"ఏనుగంత."

"ఎగురుతుందన్నాడా?"

"మడుగంతా నీడ పడుతుందన్నాడు."

తాయవ్వ లేచి రెండు రెక్కలూ చాచింది. పొగడ కంటికి అవతలి కొండ కనపడలేదు.

"ఈ అడవిలో ఇంతకు మించిన రెక్క లేదమ్మా. దీన్ని మోసేందుకు నా ఎముకల్ని వెదురు చేసుకున్నాను, లోపలంతా బోలు. ఒళ్ళంతా కలిపితే నీ పిల్లంత బరువుండను. అయినా కడుపునిండా తిన్ననాడు నేల మీంచి లేవలేను. ఎండెక్కి, వేడిగాలి కొండవాలు పట్టుకుని పైకి లేచేదాకా కూర్చోవలసిందే. ఏనుగును లేపే గాలి నేనెప్పుడూ చూడలేదు."

"దేవుడి సృష్టి అయ్యుండొచ్చు కదవ్వా."

"అయ్యుండొచ్చు. నాకు దేవుడి సంగతి తెలియదు. చచ్చినవాళ్ళ సంగతి తెలుసు. ఏనుగు లోపల చూశాను, మొసలి లోపల చూశాను, మీ వాళ్ళ లోపలా చూశాను, ఏమనుకోకు. ఎవరికైనా ముందు రెండు, వెనక రెండు. పాము ఆ నాలుగూ వదిలేసుకుంది. నా వెనక రెండు ఇవి. ముందు రెండూ ఏవీ అంటే, ఇవే." రెక్క మడిచి మోచేయి చూపించింది. "ఇది భుజం, ఇది మోచేయి, ఇది మణికట్టు. రెక్క కావాలని చెయ్యి ఇచ్చేసుకున్నాను. పుట్టుక దగ్గర ఏదీ ఊరికే రాదు. చేతులు చేతులుగానే ఉంచుకుని, వీపు మీద ఇంకో రెండు రెక్కలు మొలిపించుకున్నదాన్ని నేను తినలేదు, మా అమ్మా తినలేదు."

పొగడ ఆ మోచేతి వంకే చూస్తూ ఉండిపోయింది. తన ముందుకాలి మడతలాంటిదే అది.

"ఇంకొకటి," అంది తాయవ్వ. "ఎగరడం రెక్కల పని అనుకుంటారు. అది రొమ్ము పని. నా కండంతా ఇక్కడుంది చూడు. రెక్కను కిందికి లాగేది ఇదే. వీపు మీద మొలిచిన రెక్కను కిందికి లాగడానికి దానికి కండ ఎక్కడుంది? మీ ఓబన్న రెక్కలైతే అతికించాడు గానీ, వాటిని ఆడించేదేదో పెట్టడం మరిచాడు."

"అయితే లేదంటావా?"

"నేను లేదనను. నా కడుపుకు అలాంటిది తగల్లేదంటాను. ఆ గుహ గబ్బిలాలది, వాళ్ళనడుగు."

పొగడ కొండ దిగి అవతలి లోయకు వెళ్ళింది. మద్దిచెట్టుకు తలకిందులుగా వేలాడుతున్న ముసలి గబ్బిలం చీకటయ్య ఆమె మాట విని ఒక రెక్క విప్పాడు. అస్తమించే ఎండ ఆ పలచటి తోలులోంచి ఎర్రగా కనపడింది.

"చూడు తల్లీ, ఈ కొక్కెం నా బొటనవేలు. ఈ పొడుగు పుల్లలు నా నాలుగు వేళ్ళు. వేళ్ళ మధ్య తోలు సాగదీసుకున్నాను. రాబందవ్వ చెయ్యి ఇచ్చింది, నేను వేళ్ళతో సహా ఇచ్చాను. నేల మీద దిగితే నా అవస్థ చూడాలి."

"దిగి చూపిస్తావా మామా?"

చీకటయ్య దుమ్ములోకి దిగి నాలుగు బారలు పాకాడు. వెనక చిన్న పాదాల గుర్తులు, ముందు రెండు కొక్కేల పోట్లు, వాటి పక్కన రెక్క ఈడ్చిన గీతలు పడ్డాయి. పొగడ వాటిని చాలాసేపు చూసింది.

అదే చెట్టు మొదట్లో బెరడు రంగులో ఒక చిన్న ప్రాణి కదిలింది. ఎగిరే బల్లి. "నాలుగు కాళ్ళూ రెక్కలూ రెండూ ఉన్నవాణ్ణి నేనున్నాను కదక్కా," అంటూ పక్కలు చాచింది. పసుపురంగు విసనకర్రల్లాంటివి రెండు తెరుచుకున్నాయి.

పొగడ ఆ విసనకర్రల్ని దగ్గరగా చూసింది. "అయితే అలాంటిది ఉండొచ్చన్నమాట."

"ఉండొచ్చు, నాలాగా జానెడు ఉంటే. ఇవి రెక్కలు కాదక్కా, పక్కటెముకలు. ఆడించలేను, చాచగలనంతే. పై కొమ్మ మీంచి కింది కొమ్మకు గాలి నన్ను దించుతుంది. ఎత్తదు. మళ్ళీ పైకి పోవాలంటే ఇదిగో, ఈ కాళ్ళతో పాక్కుంటూ ఎక్కడమే."

చీకటయ్య చెట్టెక్కి మళ్ళీ వేలాడుతూ అన్నాడు. "ఇంకో సంగతి. ఎగిరేవాళ్ళకు ఆకలెక్కువ. ఏనుగంత ఒంటితో ఎగిరేది పక్షానికొక దుప్పిపిల్లతో సరిపెట్టుకుంటుందా? రోజుకొక మంద కావాలి. తిన్నది ఊరికే పోదు కూడా. మేమున్నన్నాళ్ళూ మా రెట్టల కంపుకు ఆ గుహ ముందు మీరు మొహం తిప్పుకుని నడిచేవాళ్ళు. ఇప్పుడు తిప్పుకుంటున్నారా?"

"లేదు."

"మరి అగ్గినాగు ఉందో లేదో నాకు తెలియదు గానీ తల్లీ, లోపల ఒక కడుపైతే ఉంది. చిన్న కడుపు. అరిచే గొంతుంది."

పొగడ ఆ మాట దగ్గర ఆగిపోయింది. ఇంతసేపూ ఆమె దానికి రెక్కలుండవని తెలుసుకుంటూ తేలికపడుతూ వచ్చింది. రెక్కలు లేకపోతే మాత్రం బండ మీది బిడ్డ ఏమయ్యాడు? ఎవడో తిన్నాడు. ఏ దైవమూ కాదు, ఏ విపత్తూ కాదు. మామూలుగా పళ్ళున్నవాడెవడో.

మర్నాడు పొద్దున్నే సోమప్ప దగ్గరికి వెళ్ళి చెప్పింది. ఆయన నెమరు ఆపి విన్నాడు.

"నువ్వు చెప్పింది నిజమే కావచ్చు," అన్నాడు. "కాకపోతే? ఆ లెక్క తప్పితే అందరి నీళ్ళూ పోతాయి. పది ఇళ్ళవాళ్ళు నా మొహం చూస్తున్నారు పొగడా."

"నా బిడ్డ నా మొహం చూస్తోంది పెద్దయ్యా."

సోమప్ప తల దించుకున్నాడు.

వెలగ దగ్గరికి వెళ్ళింది. సగం మాట వినగానే వెలగ వెనక్కి జరిగింది. "అగ్గినాగు ఉంది," అంది. "నువ్వు అలా అనకు. ఉంది. లేకపోతే నేను చేసిందేమిటి?"

పొగడ ఇక ఆ మాట ఎత్తలేదు. తాయవ్వను, చీకటయ్యను మాత్రం పున్నమి నాటి పొద్దున బండ దగ్గరికి రమ్మని కబురు పంపింది.

ఆ పొద్దున అందరూ వచ్చారు. దున్నలు ఒక వరుసగా నిలబడ్డాయి.  పొగడ చివురును తన కాళ్ళ మధ్య నిలబెట్టుకుంది.

"ఇస్తాను ఓబన్నా," అంది. "ఒక్క మాట. నా బిడ్డ పిరికిది. కనపడబోయేది ఎలా ఉంటుందో ముందే చెప్పి పంపుతాను. అందరి ముందూ ఒకసారి చెప్పు."

ఓబన్నకు చెప్పడమంటే ఇష్టం. మొదటిసారి చెప్పినదానికి మరికొంత జోడించి చెప్పాడు. ఈసారి తోక చివర ముల్లు వచ్చింది, మెడ మీద జూలు వచ్చింది. నాలుగు కాళ్ళూ రెండు రెక్కలూ మాత్రం అలాగే ఉన్నాయి.

"ఏనుగంత బరువును గాలి ఎలా మోస్తుంది నాయనా?" అని తాయవ్వ బండ మీంచి అడిగింది.

"లోపలంతా బోలు అవ్వా. నీ ఎముకల్లాగే."

"మంట దాని గొంతును కాల్చదా?" అన్నాడు సోమప్ప. ఆయన నోరు విప్పుతాడని పొగడ అనుకోలేదు.

"వెనక నుంచి సలసల కాగే నీళ్ళు చిమ్మే పురుగు లేదా పెద్దయ్యా? మింగబోయిన కప్ప నోరు కాలుతుంది గానీ పురుగు ఒళ్ళు కాలుతుందా?"

నిజమేనని నాలుగు తలలు ఊగాయి. ఓబన్న తోక కొంచెం పైకి లేచింది.

అప్పుడు చీకటయ్య ఎండకు కళ్ళు మూసుకుని, రెక్క విప్పి వేళ్ళు ఒక్కొక్కటే చూపించాడు. తాయవ్వ మోచేయి చూపించింది. "మేమిద్దరం చేతులిచ్చి రెక్కలు తెచ్చుకున్నాం," అన్నాడు చీకటయ్య. "మీ అగ్గినాగు చేతులు దాచుకుని రెక్కలెక్కడ తెచ్చుకుంది?"

గుంపులో అందరూ తమ తమ కాళ్ళ వైపు చూసుకున్నారు. ఓబన్న ఆ చూపులు చూశాడు. అబద్ధమాడినా అతికినట్టుండాలని తెలిసినవాడు.

"భయంలో ఎంత దగ్గరగా చూస్తాను మామా? ఇప్పుడు నువ్వంటే గుర్తొస్తోంది. కాళ్ళు వెనకవి రెండే. ముందువి రెక్కలే, అచ్చం నీలాగే."

తాయవ్వ కాసేపు ఆలోచించింది. "అదైతే కుదురుతుంది," అంది. "ఇంత పెద్దది కాకపోయినా, అలాంటి ఒళ్ళు ఉంటే ఉండొచ్చు."

గుంపు మళ్ళీ బిగుసుకుంది. తాయవ్వే ఒప్పుకుందంటే ఉందన్నమాటే. చివురు తల్లి పొట్టకు ఆనుకుంది. పొగడ మాట తొణకనివ్వలేదు.

"రెండే కాళ్ళా అన్నా?"

"రెండే."

"ఒట్టు?"

"నా తల్లి మీద ఒట్టు."

"అయితే ఇవి ఎవరివి?" అంది పొగడ, మడుగు ఒడ్డు వైపు తిరిగి.

ఎండకు గట్టిపడ్డ బురదలో ఆ అడుగులు ఇంకా అలాగే ఉన్నాయి. ముందు రెండు, వెనక రెండు.

 ఒక ముసలి కుందేలు తనలో తాను, "తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నట్టుంది," అని గొణిగింది. ఆ సామెత నచ్చని జాతి అది. అయినా అంది.

"రెక్కల మీద ఆనుకుని నడిచింది," అన్నాడు ఓబన్న. "అవి రెక్కల గుర్తులే."

చీకటయ్య నీళ్ళ పక్కన తడి బురదలోకి దిగి పాకాడు. కొక్కేల పోట్లు, ఈడ్చిన గీతలు పడ్డాయి. చిన్నవాళ్ళు కూడా ఆ గుర్తుల్నీ ఈ గుర్తుల్నీ మార్చి మార్చి చూశారు. సోమప్ప నడిచి వచ్చి ఆ పాత అడుగుల్లో ఒకదాని మీద ముక్కు ఆనించి, చాలాసేపు ఉంచాడు. కాలిన వాసన ఈపాటికి పోయి, దాని అడుగున ఏదో మామూలు జంతువు వాసన మిగిలింది. తల ఎత్తినప్పుడు ఆయన కళ్ళు మారిపోయి ఉన్నాయి.

ఓబన్న వెనక్కి తగ్గలేదు. గొంతు పెంచాడు.

"సరే. మీరు భయపడతారని ఒక సంగతి దాచాను. లోపలున్నవి రెండు. ఒకటి నాలుగు కాళ్ళది, రెండోది రెండు కాళ్ళది. ఆ రెండోదే రెక్కలది. దానికీ ఇన్నాళ్ళూ నేనే సర్ది చెబుతున్నాను. ఇక మీ మాటలు విన్నాక ఒక్క పిల్లతో ఊరుకుంటాయో లేదో."

ఆ మాట గుహగోడలకు తగిలి లోపలికి పోయింది. పొగడకు అది వినపడింది. లోపల రాయి ఒకటి కదిలిన చప్పుడు కూడా వినపడింది. ఆ క్షణంలో ఆమెకు తోచింది. కడుపున్నవాడికి తన వాటా మీద ధ్యాస ఉంటుంది.

ఆమె చివురును వెలగ పక్కకు నెట్టి, బండ ఎక్కి గుహ వైపు తిరిగింది.

"లోపలున్న స్వామీ," అంది గట్టిగా. "ఓబన్న మాట విన్నావు కదా. రెండోదానికి ఇన్నాళ్ళూ సర్దుతున్నాడట. పోయిన అమావాస్య పిల్లలో దాని వాటా ఎంత పోయిందో మాకు తెలియదు. ఈ పిల్ల నీకా, దానికా? నువ్వే చెప్పు."

"పొగడా, దిగు," అన్నాడు ఓబన్న. మొదటిసారి అతని గొంతులో మాట తడబడింది. "అలా పిలవకూడదు."

లోపలి నుంచి గొంతు వచ్చింది. బొంగురుది, గుహలో తిరిగి తిరిగి పెద్దదైన గొంతు.

"ఏ రెండోది?"

ఓబన్న ఒక్కడుగు వెనక్కి వేశాడు.

"ఒరే ఓబన్నా. ఏ రెండోది రా? ఆ పిల్ల తొడ నీ ఇంటికి తీసుకెళ్ళానన్నావు. దానికి పెట్టావా?"

గుహ నోట్లోంచి అది బయటికి వచ్చింది. ముందు ఎత్తు, వెనక పల్లం, ఒంటి మీద చారలు, ఒక వెనక కాలు ఈడ్చుకుంటోంది. దుమ్ములగొండి. ఎముకలు కూడా మిగల్చకుండా నమిలే జాతి. ముసలిదైపోయి, వేటాడే కాలు పోయి, ఒకరు తెచ్చిపెడితే తినే స్థితికి వచ్చినది. గుహలోంచి అరిచిన అరుపు దానిదే. బురదలో ఒకే చోట పదే పదే తొక్కి, అడుగును వెడల్పు చేసిన కాళ్ళూ దానివే. అగ్గి లేదు, రెక్క లేదు. ఎండకు కళ్ళు చిట్లించి ఓబన్న కోసం వెతుకుతోంది గానీ, గుంపును చూడనే లేదు.

అది తల తిప్పి చూసేసరికి దున్నల వరుస కదిలింది. సోమప్ప పరిగెత్తలేదు. కొమ్ములు వంచి నడిచాడు, ఆయన వెనక మంద నడిచింది. దుమ్ములగొండి కాలు ఈడ్చుకుంటూనే కొండవాలు పట్టుకుని పడుతూ లేస్తూ అవతలికి పోయింది.

ఓబన్న మధ్యలో చిక్కుకున్నాడు. ఇటు కొమ్ములు, అటు మడుగు.

"ఆలోచించండి," అన్నాడు. "వాడికి నేను అడ్డం లేకపోతే ఎవరు పడితే వాళ్ళను తినేవాడు. నేను వంతులు పెట్టాను. ఒక పద్ధతి పెట్టాను."

"నీ వాటా తొడ," అన్నాడు సోమప్ప.

 దున్నలు పక్కకు తొలగి ఒక దారి ఇచ్చాయి. ఆ దారి మడుగు వైపుది కాదు, ఇసుక వైపుది. ఓబన్న ఒక్కొక్కరి మొహమూ చూస్తూ నడిచాడు.  ఆ ఎండల్లో నీళ్ళు దొరకకుండా అడవి దాటడమంటే ఏమిటో అక్కడున్న అందరికీ తెలుసు. ఎవరూ తరమలేదు, ఎవరూ పిలవలేదు.

అప్పుడు వెలగ గుహ వైపు నడిచింది. పొగడ వెంట వెళ్ళబోతే వద్దని తల ఊపింది. లోపల చాలాసేపు ఉంది. దుమ్ములగొండి ఉన్న చోట ఏమీ మిగలదని తాయవ్వకు తెలుసు. ఆ మాట పైకి చెప్పకుండా మెడ ముడుచుకుని కూర్చుంది. వెలగ బయటికి వచ్చింది. ముక్కుకు బూడిద అంటుకుని ఉంది.

సోమప్ప ఆమె ఎదుట నిలబడి తల దించాడు. "తప్పు మా అందరిదీ వెలగా. మేమే నడిపించాం."

"నడిచింది నా కాళ్ళే పెద్దయ్యా," అంది వెలగ. "ఉండమన్న చోట ఉన్నాడు. నేను అడగాల్సిన మాట నా చెల్లెలు అడిగింది. నాకు అడగాలనే తోచలేదు."

పొగడ ఆమె మెడ మీద మెడ ఆనించి నిలబడింది.  చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే తమ పిల్లల్ని దగ్గరికి తీసుకుని మడుగుకు దిగారు. ఆ రోజు నీళ్ళు తాగుతున్నప్పుడు ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు.

తొలకరి పడి వాగు కలిశాక గబ్బిలాలు గుహకు తిరిగొచ్చాయి. వెలగ మాత్రం వాగు దాటి అవతలి గట్టుకు వెళ్ళిపోయింది. పొగడ చివురును వెంటబెట్టుకుని అప్పుడప్పుడూ అక్కను చూసి వచ్చేది.

కన్నబిడ్డను ఇమ్మనే భయాన్ని ముందు కళ్ళెదుటికి రమ్మని అడగాలి. రాలేనిదానికి గడ్డిపరక కూడా ఇవ్వనక్కర్లేదు.